ఐటీ రిటర్ను మనమే వేసుకోవాలా, ఆడిటర్ దగ్గరికి వెళ్ళాలా?

జీతం, బ్యాంకు వడ్డీ తప్ప ఇంకే ఆదాయం లేనివాళ్ళు ఏటా ఆడిటర్‌కి డబ్బు కట్టి రిటర్ను వేయించుకుంటున్నారు. ఊరి బయట స్థలం అమ్మినవాళ్ళేమో వీడియోలు చూసి సొంతంగా వేసేస్తున్నారు. గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసినదాన్ని కాబట్టి ఈ తలకిందుల వ్యవహారం దగ్గర నుంచి చూశాను. మొదటివాళ్ళకు పోయేది కాస్త ఫీజే. రెండోవాళ్ళకు లక్షల్లో పోతుంది. పైగా నోటీసు వచ్చేదాకా పోయిందని కూడా తెలియదు.

నన్ను ఎవరైనా సలహా అడిగితే ఆదాయం ఎంత అని ముందు అడగను. ఆదాయం పెద్దదైతే ఆడిటర్ కావాలి, చిన్నదైతే అక్కర్లేదు అని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. నలభై లక్షల జీతం తప్ప ఇంకేమీ లేని మనిషి రిటర్ను అరగంటలో అయిపోతుంది. ఆరు లక్షల కమీషన్ వచ్చే బీమా ఏజెంటు రిటర్నులో చిక్కులుంటాయి. నేను చూసేది ఒకే విషయం. మీ రిటర్నులో రాయాల్సిన అంకెలన్నీ ఎవరో ఇచ్చిన కాగితాల్లో ఇప్పటికే ఉన్నాయా, లేక ఎక్కడైనా మనం ఆలోచించి తేల్చాల్సిన అంకె ఉందా? ఉన్న అంకెను ఎక్కించడమే అయితే మీరే చేసుకోండి. తేల్చాల్సింది ఒక్కటున్నా, ఆ ఒక్కదాని కోసం తెలిసినవాళ్ళను అడగండి.

ఇది తెలుసుకోవడానికి ఒక పూట చాలు. ముందు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అవ్వండి. రిటర్ను వేయడానికి ఆ పోర్టల్‌లో ఫీజు ఏమీ లేదు. అక్కడ ఏఐఎస్ అని ఒక స్టేట్‌మెంట్ ఉంటుంది, 2021 నవంబర్ నుంచి ఇస్తున్నారు. మీ పాన్ మీద ఆ ఏడాది బ్యాంకులు, కంపెనీలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, మ్యూచువల్ ఫండ్ సంస్థలు ప్రభుత్వానికి చెప్పినవన్నీ అందులో ఉంటాయి. దాన్ని డౌన్‌లోడ్ చేయండి. ఫారం 26ఏఎస్ కూడా తీసుకోండి, మీ పేరున ఎంత టీడీఎస్, అంటే మీ చేతికి రాకముందే కోసిన పన్ను, జమైందో అది చెబుతుంది. జీతం, కోసిన పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చిన ఫారం 16, ఏప్రిల్ నుంచి మార్చి దాకా బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు ఏఐఎస్‌లో ఒక్కో లైనూ చదువుతూ పెన్సిల్‌తో టిక్ పెట్టండి. ఈ డబ్బు ఎక్కడిదో నాకు తెలుసా? ఇది పూర్తిగా నాదేనా? దీన్ని రిటర్నులో ఏ గడిలో రాయాలో అనుమానం లేకుండా చెప్పగలనా? మూడింటికీ అవుననే జవాబొస్తే టిక్. ఏదైనా ఒకదానికి తడబడితే సున్నా చుట్టండి. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని, ఏఐఎస్‌లో లేని జమలు ఏమున్నాయో చూడండి. పైవాటా అద్దె, ట్యూషన్ డబ్బులు, కౌలు సొమ్ము సాధారణంగా ఏఐఎస్‌లో కనబడవు. అక్కడ కనబడలేదంటే చూపించక్కర్లేదని కాదు. సున్నాలు ఎన్ని ఉన్నాయి, ఎలాంటివి ఉన్నాయి అన్నదాన్ని బట్టే మీ దారి తేలుతుంది.

సున్నాలే రానివాళ్ళు

మా మరిది తెనాలి దగ్గర హైస్కూలు టీచరు. జీతం, ఒక ఎఫ్‌డీ, సొంత ఇల్లు. అతని కాగితాల్లో సున్నా చుట్టే లైను లేదు. ఇలాంటివాళ్ళకు సహజ్ అనే ఐటీఆర్ 1 ఉంది. మొత్తం ఆదాయం 50 లక్షల లోపు ఉండి, జీతమో పెన్షనో, ఇల్లు, వడ్డీ మాత్రమే ఉన్నవాళ్ళు, వ్యవసాయ ఆదాయం 5,000 దాటనివాళ్ళు దీన్ని వాడొచ్చు. పోర్టల్‌లో తెరవగానే జీతం, వడ్డీ, టీడీఎస్ చాలావరకు ముందే నింపి ఉంటాయి. మన పని వాటిని ఫారం 16తో, 26ఏఎస్‌తో పోల్చి చూసుకోవడమే.

ఇక్కడ అందరూ టెన్షన్ పడేది మినహాయింపులు ఎక్కువుండే పాత పన్ను విధానమా, మినహాయింపులు తగ్గించి రేట్లు తక్కువ పెట్టిన కొత్త విధానమా అని. నిజానికి ఇదే అన్నిటికంటే తేలిక, ఎందుకంటే రెండు లెక్కలూ పోర్టలే వేసి చూపిస్తుంది. మనకు ఒక అంచనా ఉంటే మాత్రం ధైర్యంగా ఉంటుంది. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన 8 లక్షల దాకా 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, ఆపైన 30. ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. జీతగాళ్ళకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి జీతం ఒక్కటే అయితే 12.75 లక్షల దాకా పన్ను పడదు.

జీతం 15 లక్షలు అనుకుందాం. కొత్త విధానంలో 75,000 తీస్తే 14.25 లక్షలు. పన్ను 93,750, సెస్సుతో కలిపి 97,500. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, పీఎఫ్, జీవిత బీమాలాంటి పొదుపులకు 80సీ కింద లక్షన్నర, ఆరోగ్య బీమా 25,000, ఇంటి లోను వడ్డీ 2 లక్షలు అన్నీ నిండుగా చూపించినా 10.75 లక్షలు మిగులుతుంది, పన్ను సెస్సుతో కలిపి 1,40,400. అంటే అన్ని మినహాయింపులు ఉన్న మనిషికే కొత్తదాంట్లో 42,900 తక్కువ. పాత విధానం ఇప్పటికీ లాభించేవాళ్ళు ఉన్నారు, కానీ హైదరాబాద్‌లాంటి చోట పెద్ద అద్దె కడుతూ జీతంలో ఇంటి అద్దె అలవెన్సు (హెచ్‌ఆర్‌ఏ) ఎక్కువగా వచ్చేవాళ్ళలాంటి కొద్దిమందే. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ఏ ఏడాదికి ఆ ఏడాది విధానం మార్చుకోవచ్చు. ఒక షరతు గుర్తుంచుకోండి. పాత విధానం కావాలంటే గడువు లోపలే రిటర్ను వేయాలి. గడువు దాటాక వేస్తే కొత్త విధానమే.

రిటర్ను పంపాక ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. దానికి 30 రోజుల గడువు. దాటాక చేస్తే, చేసిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క, అసలు చేయకపోతే వేసిన రిటర్ను లెక్కలోకి రాదు. సొంతంగా వేసుకునేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. రీఫండు రావాల్సిన బ్యాంకు ఖాతాను కూడా పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసి పెట్టండి.

ఒకటి రెండు సున్నాలు వచ్చినవాళ్ళు

కొన్ని సున్నాలు భయపెడతాయి గానీ విషయం తెలిస్తే ఇంట్లో కూర్చునే తీరిపోతాయి. ప్రభుత్వ ఉద్యోగులకు పీఆర్‌సీ, డీఏ బకాయిలు ఒకేసారి పడతాయి. ఆ ఏడాది ఆదాయం ఉబ్బి పన్ను పెరుగుతుంది. సెక్షన్ 89 కింద ఆ బకాయిలను అవి రావాల్సిన ఏళ్ళకు పంచి లెక్కవేసి, ఎక్కువైన పన్నులో ఊరట అడగొచ్చు. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. కావాల్సింది ఫారం 10ఈ. దాన్ని రిటర్నుకు ముందే పోర్టల్‌లో దాఖలు చేయాలి. రిటర్నులో ఊరట చూపించి 10ఈ వేయకపోతే, ఆ ఊరట తీసేసి పన్ను కట్టమని ఇంటిమేషన్ వస్తుంది. పాత సంవత్సరాల రిటర్నులు చేతిలో ఉంటే ఈ లెక్క మీరే చేయగలరు.

మా పిన్నికి బాబాయి గారి తరఫున ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. చాలామంది దీన్ని జీతం గడిలో వేసి 75,000 తీసేస్తారు. ఫ్యామిలీ పెన్షన్ జీతం కిందకు రాదు, ఇతర ఆదాయం కిందకు వస్తుంది. అందులో మూడో వంతు, లేదా కొత్త విధానంలో 25,000, పాతదాంట్లో 15,000, వీటిలో ఏది తక్కువైతే అది తీసేయొచ్చు. ఈ ఒక్క ముక్క తెలిస్తే పిన్ని రిటర్ను కూడా సహజ్‌లోనే అయిపోతుంది. 75 ఏళ్ళు దాటి, పెన్షను, వడ్డీ రెండూ ఒకే బ్యాంకులో పడే పెద్దవాళ్ళయితే ఆ బ్యాంకుకు డిక్లరేషన్ ఫారం ఇస్తే, బ్యాంకే పన్ను తీసుకుని రిటర్ను అవసరం లేకుండా చేస్తుంది. మీ బ్యాంకులో ఇది జరుగుతుందా అని ఒకసారి అడగండి.

ఎఫ్‌డీల దగ్గర మాత్రం జాగ్రత్త. జాయింటు ఖాతాలో మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళ ఏఐఎస్‌లోనే మొత్తం వడ్డీ కనబడుతుంది. అమ్మ డబ్బుకి కొడుకు పేరు ముందుంటే కొడుకు ఏఐఎస్‌లో అమ్మ వడ్డీ వచ్చి కూర్చుంటుంది. అది తన ఆదాయం కాదని ఏఐఎస్‌లోనే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు, అయితే అమ్మ రిటర్నులో అది కనబడాలి. దీనికి ఎదురు సంగతి ఇంకోటుంది. భర్త సంపాదన భార్యకిచ్చి ఆమె పేరున ఎఫ్‌డీ వేస్తే, ఆ వడ్డీ చట్టం ప్రకారం భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమెకు వేరే ఆదాయం లేదు కదా అని, టీడీఎస్ కోయొద్దని బ్యాంకుకు ఫారం ఇచ్చి ఊరుకోవడం మన ఇళ్ళల్లో చాలా మామూలు. ఇది ఎవరి డబ్బు అన్న ప్రశ్న. మీకే స్పష్టంగా తెలియకపోతే కాగితాలు పట్టుకుని ఆడిటర్ దగ్గర కూర్చోండి.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నవాళ్ళు కొంచెం ఓపిక ఉంటే సొంతంగా చేయొచ్చు. బ్రోకరు ఇచ్చే ట్యాక్స్ రిపోర్టులో లాభాలు విడదీసి ఉంటాయి. ఏడాదికి పైగా ఉంచి అమ్మిన లిస్టెడ్ షేర్ల మీద లాభం లక్షా 25 వేలు దాటితే, దాటిన దాని మీద 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. ఇక్కడ జీతగాళ్ళు దెబ్బతినే చోటు చెబుతాను. మొత్తం 12 లక్షల లోపే కదా, పన్ను లేదు అనుకుంటారు. కొత్త విధానంలో ఆ రిబేటు ఈ షేర్ల లాభాలకు వర్తించదు. జీతం మీద పన్ను సున్నా అయినా లాభం మీద కట్టాల్సి రావచ్చు.

ఆడిటర్ దగ్గరికే వెళ్ళాల్సినవాళ్ళు

మొదటగా షేర్ మార్కెట్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసే కుర్రాళ్ళు. ఫోన్‌లో చేసినా, నష్టమే వచ్చినా చట్టం దృష్టిలో అది వ్యాపారం. వ్యాపార ఆదాయానికి ఉన్న ఐటీఆర్ 3 వేయాలి. నష్టాన్ని వచ్చే సంవత్సరాలకు తీసుకెళ్ళాలంటే గడువు లోపలే వేయాలి. లాభం లేదు కాబట్టి చూపించక్కర్లేదని వదిలేసి, రెండేళ్ళ తర్వాత లాభం వచ్చినప్పుడు ఆ పాత నష్టం కోసం వెతుక్కున్నవాళ్ళు మా ఆఫీసుకు చాలామంది వచ్చేవాళ్ళు. అప్పుడిక చేయగలిగింది ఉండదు.

తర్వాత బీమా ఏజెంట్లు, బ్రోకర్లు. చిన్న వ్యాపారుల కోసం సుగమ్ అనే ఐటీఆర్ 4 ఉంది. టర్నోవరులో 8 శాతం, డిజిటల్‌గా వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపించి ముగించే పద్ధతి. కిరాణా కొట్టువాళ్ళకు, హోల్‌సేల్ వాళ్ళకు బాగుంటుంది. కానీ కమీషన్ మీద బతికేవాళ్ళకు ఆ పద్ధతి వర్తించదని సెక్షన్ 44ఏడీలోనే రాసి ఉంది. అయినా సుగమ్‌లో వేసేసిన ఏజెంట్ల రిటర్నులు ఎన్నో చూశాను. వీళ్ళు ఖర్చులు లెక్కకట్టి ఐటీఆర్ 3 వేయాలి. పెట్రోలు, ఫోను, క్లయింట్ల చుట్టూ తిరిగిన ఖర్చులో ఎంత న్యాయంగా చూపించవచ్చో అనుభవం ఉన్న మనిషే చెప్పగలరు.

పొలం ఉన్న ఉద్యోగులు కూడా ఒకసారి ఆగాలి. ప్రత్తిపాడు వైపు రెండు మూడు ఎకరాల మిర్చి ఉన్న టీచర్లు మా జిల్లాలో తక్కువేం కాదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గానీ 5,000 దాటితే సహజ్ పనికిరాదు. ఆ ఆదాయాన్ని జీతానికి కలిపి పన్ను రేటు ఎంతో తేల్చే లెక్క ఒకటుంది. 5 లక్షలు దాటితే భూమి ఏ జిల్లాలో ఉంది, పిన్‌కోడ్ ఏంటి, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా అన్నీ రాయాలి. మిర్చి యార్డులో ఇచ్చే అమ్మకం పట్టీలు దాచుకోని రైతుకు ఇక్కడే ఇబ్బంది. మొదటి ఏడాది ఆడిటర్‌తో వేయించుకుని, ఆ పద్ధతి చూసి తర్వాత మీరే వేసుకోవచ్చు.

ఇక అసలు విషయం, స్థలం, ఇల్లు, పొలం అమ్మకం. మిగతా అన్నిటిలో నేను పట్టూవిడుపుగా మాట్లాడతాను, దీంట్లో మాట్లాడను. భూమి అమ్మినవాళ్ళు తప్పకుండా మంచి ఆడిటర్ దగ్గరికి వెళ్ళాలి. అదీ రిటర్ను వేసేటప్పుడు కాదు, అగ్రిమెంటు రాసుకోకముందే.

ఎందుకో ఒక లెక్కతో చూడండి. 2012-13లో 20 లక్షలకు కొన్న స్థలాన్ని 2025-26లో 34 లక్షలకు అమ్మారు. కొన్న ధరను ప్రభుత్వం ఏటా ఇచ్చే ధరల సూచీ ప్రకారం పెంచకుండా లెక్కవేస్తే లాభం 14 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను లక్షా 75 వేలు. 2024 జూలై 23కి ముందు కొన్న భూమి, ఇళ్ళకు ఇక్కడ నివాసం ఉండే వ్యక్తులు ఇండెక్సేషన్‌తో, అంటే సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి, 20 శాతం పద్ధతి కూడా ఎంచుకోవచ్చు. 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. ఆ ప్రకారం కొన్న ధర 37.6 లక్షలవుతుంది. లాభమే లేదు, పన్ను సున్నా. అదే 2006-07లో 4 లక్షలకు కొని 40 లక్షలకు అమ్మిన స్థలమైతే కథ తిరగబడుతుంది. 12.5 శాతం పద్ధతిలో నాలుగున్నర లక్షలు, సూచీ పద్ధతిలో ఐదున్నర లక్షల పైనే. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. తాతల నాటి ఆస్తి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తేల్చాలి. రిజిస్ట్రేషన్ విలువ అమ్మిన ధర కంటే పది శాతానికి మించి ఎక్కువుంటే, మీ చేతికి వచ్చింది ఎంతైనా ఆ విలువనే అమ్మకం ధరగా లెక్కిస్తారు.

పన్ను మినహాయింపు కోసం ఇల్లు కొందామనుకుంటే అక్కడా తేడా ఉంది. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే లాభం మేరకు పెడితే చాలు. స్థలం అమ్మి ఇల్లు కొంటే పూర్తి మినహాయింపుకి అమ్మిన మొత్తం పెట్టాలి. ఖర్చుపెట్టని సొమ్మును రిటర్ను గడువు లోపల బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం) కోసం విడిగా ఉండే ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, ఇల్లు తర్వాత కొంటాం కదా అంటే ఒప్పుకోరు.

వ్యవసాయ భూమి అమ్మితే పన్నే లేదని మన పల్లెల్లో గట్టి నమ్మకం. ఊరి పొలం అయితే నిజమే. పట్నానికి దగ్గరైతే కాదు. పది వేల నుంచి లక్ష జనాభా ఉన్న మునిసిపాలిటీకి 2 కిలోమీటర్ల లోపు, లక్ష నుంచి పది లక్షల జనాభా ఉంటే 6 లోపు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపు ఉన్న పొలం పన్ను పడే ఆస్తి. దూరం రోడ్డు వెంట కొలవరు, సరిహద్దు నుంచి గాలిలో సూటిగా కొలుస్తారు. గుంటూరుకు 6 కిలోమీటర్ల లెక్క. రోడ్డు మీద తొమ్మిది వచ్చింది కదా అని ధీమాగా ఉన్న పొలం సూటిగా కొలిస్తే లోపల పడొచ్చు.

అమరావతి రైతులకు వేరే సంగతి ఉంది. 2014 జూన్ 2 నాటికి తమ పేరున ఉన్న భూమిని రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) ల్యాండ్ పూలింగ్‌కి ఇచ్చినవాళ్ళకు సెక్షన్ 10లోని 37ఏ క్లాజు కింద క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపు ఉంది. బదులుగా వచ్చిన ప్లాటును, స్వాధీనం ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్ళ లోపు అమ్మినా ఇది వర్తిస్తుంది. ఆ తర్వాత అమ్మితే పన్ను ఉంది, ప్లాటు ఖరీదుగా దేన్ని తీసుకోవాలో కూడా చట్టం వేరుగా చెబుతుంది. రైతు దగ్గర తర్వాత కొనుక్కున్నవాళ్ళకు ఈ మినహాయింపు రాదు. తండ్రి పేరున ఉండి పిల్లలకు వచ్చినవి, అన్నదమ్ములు పంచుకున్నవి ఎవరికి వారికి కాగితాలు చూసి తేల్చాల్సినవే. ఈ ప్రాంతంలో ఈ పని చేసి చేసి ఆరితేరిన ఆడిటర్లు ఉన్నారు. వాళ్ళ ఫీజు గురించి బేరమాడకండి.

ఇంకో వర్గం, విదేశాలతో ముడిపడ్డవాళ్ళు. గచ్చిబౌలిలో పనిచేసే మా పై వాటా అబ్బాయికి వాళ్ళ అమెరికా కంపెనీ షేర్లు ఇస్తుంది. షేర్లు చేతికొచ్చినప్పటి విలువ జీతంలో కలిసి ఫారం 16లో పన్ను పడిపోయింది కాబట్టి ఇంకేం లేదనుకున్నాడు. కానీ ఆ షేర్లు అక్కడి ఖాతాలో ఉన్నంతకాలం ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. అది కూడా మన ఏప్రిల్-మార్చి లెక్కలో కాకుండా జనవరి నుంచి డిసెంబర్ లెక్కలో. డివిడెండు మీద అమెరికాలో కట్ అయిన పన్ను ఇక్కడ తగ్గించుకోవాలంటే ఫారం 67 వేయాలి. విదేశీ ఆస్తులు చూపించకపోతే బ్లాక్‌మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కాని ఆస్తులన్నీ కలిపి 20 లక్షల లోపుంటే ఆ జరిమానా పడకుండా 2024 అక్టోబర్ 1 నుంచి సడలించారు గానీ, చూపించాల్సిన బాధ్యత అలాగే ఉంది. మొదటి ఏడాది తప్పకుండా తెలిసినవాళ్ళతో చేయించుకోవాలి.

అమెరికా, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళ ఇల్లు కొనేవాళ్ళకు కూడా ఒక మాట. ఇక్కడ ఉండేవాళ్ళ దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే ఒక్క శాతం టీడీఎస్ పట్టుకుంటాం. అమ్మేది ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ 50 లక్షల పరిమితి లేదు, శాతం కూడా చాలా ఎక్కువ. పట్టుకోకపోతే బాధ్యత కొన్న మనదే. రిజిస్ట్రేషన్ డేటు పెట్టుకోకముందే ఆడిటర్‌ని కలవండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

మన ఊళ్ళల్లో రిటర్ను వేసేవాళ్ళందరినీ ఆడిటర్ అనేస్తాం. చార్టర్డ్ అకౌంటెంట్లు (సీఏలు) వేరు, ట్యాక్స్ ప్రాక్టీషనర్లు వేరు, నెట్ సెంటర్లలో వేసేవాళ్ళు వేరు. ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు సీఏకి మాత్రమే ఉంది. సాదా రిటర్నుకు అనుభవం ఉన్న ప్రాక్టీషనరు చాలు, వాళ్ళల్లో ఎంతో నిజాయితీపరులు ఉన్నారు. మా వైపు జీతగాళ్ళ రిటర్నుకి కొన్ని వందల నుంచి రెండు వేల దాకా తీసుకుంటారు. స్థలం అమ్మకం, విదేశీ ఆస్తులు అయితే పని బట్టి.

రీఫండు తెప్పిస్తాను, అందులో ఇంత శాతం నాకివ్వు అనే మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. రీఫండులో వాటా తీసుకోవడం సీఏల వృత్తి నియమాలకే విరుద్ధం. ఇలా వాటా అడిగేవాళ్ళు చేసేది లేని అద్దె, కట్టని బీమా, ఇవ్వని విరాళం రాసేయడం. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి మధ్యవర్తుల మీద దేశమంతటా 150 చోట్ల తనిఖీలు చేసింది. దానికి ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించి 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడు ప్రకటించింది. దొరికితే ఏజెంటు ఫోన్ ఎత్తడు. పాన్ మీది, రిటర్ను మీది. ఉన్న ఆదాయాన్ని తప్పుగా చూపించినందుకు ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా జరిమానా వేయొచ్చు, పన్ను, వడ్డీ కాక. ఇప్పటికే అలాంటి రిటర్ను పడి ఉంటే నోటీసు కోసం ఎదురుచూడకుండా మంచి సీఏని కలిసి, తప్పు సరిదిద్ది బాకీ పన్ను కట్టే అప్‌డేటెడ్ రిటర్ను వేయండి. ఇప్పుడు దానికి నాలుగేళ్ళ దాకా అవకాశం ఇచ్చారు, ఆలస్యమయ్యే కొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది.

ఎవరితో వేయించుకున్నా పోర్టల్‌లో ఫోన్ నంబరు, ఈమెయిలు మీవే ఉండాలి. నోటీసు వేరేవాళ్ళ మెయిల్‌కి వెళ్ళి, గడువు దాటాక బయటపడే కేసులు చాలా ఉంటాయి. లోపం ఉన్న రిటర్ను సరిచేయడానికి ఇచ్చేది 15 రోజులే. పాస్‌వర్డ్ ఇవ్వకుండా పోర్టల్‌లోనే మీ సీఏని జోడించే వీలుంది. సీఏ సర్టిఫికెట్ ఇస్తే దాని మీద యూడీఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి, సీఏ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైటులో అది అసలుదో కాదో చూసుకోవచ్చు. పన్ను శాఖ పేరుతో ఏ ఉత్తరం వచ్చినా దాని మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి, అదీ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో రీఫండు లింకు వస్తే నొక్కకండి.

రిటర్ను పంపే ముందు ఆడిటర్‌ని కంప్యుటేషన్ షీటు అడగండి. ఏ ఆదాయం ఎక్కడ చూపించారు, ఏ మినహాయింపు ఎందుకు తీసుకున్నారో అందులో ఉంటుంది. అర్థం కాని లైను దగ్గర ఆపి అడగండి. విసుక్కునే మనిషి అయితే వచ్చే ఏడాది వేరేవాళ్ళను చూసుకోండి. పూర్తిగా అప్పగించడం, పూర్తిగా సొంతం అనే రెండు దారులే ఉన్నాయని కూడా అనుకోవద్దు. సున్నా చుట్టిన రెండు లైన్ల గురించి గంటసేపు సలహా ఫీజు ఇచ్చి మాట్లాడి, రిటర్ను మీరే వేసుకోవచ్చు. మా ఆఫీసులో అలా వచ్చేవాళ్ళను ఆడిటర్ గారు ఎక్కువ ఇష్టంగా చూసేవారు, కాగితాలన్నీ సర్దుకుని ప్రశ్నలు రాసుకుని వస్తారు కాబట్టి.

సమయం సంగతి. ఆఫీసులు ఫారం 16 జూన్ 15కల్లా ఇవ్వాలి. జీతగాళ్ళకు గడువు మామూలుగా జూలై 31. 2025లో దాన్ని సెప్టెంబర్ 16 దాకా పొడిగించారు గానీ, పొడిగిస్తారని కూర్చోవద్దు. దాటితే 5,000 ఆలస్య రుసుము, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది గానీ, 2025-26 ఆదాయానికి రిటర్ను పాత 1961 చట్టం ప్రకారమే. అందుకని ఆ రిటర్నుకి నేను చెప్పిన సెక్షన్ నంబర్లే పనికొస్తాయి. ఆడిటర్ దగ్గరికి వెళ్ళాలని తేలితే జూన్ మూడో వారంలోనే వెళ్ళండి. జూలై చివర్లో ఎంత మంచి ఆడిటరైనా మీ కాగితాలకు పది నిమిషాలు మించి ఇవ్వలేరు.